రూపాయి ఖర్చు లేకుండా వెబ్‌సైట్‌కు కస్టమర్లు.. చిన్న వ్యాపారులు ముందుగా చేయాల్సిన పనులివే!

వెబ్‌సైట్ చేయించారు. ఓపెనింగ్ రోజు లింక్ తీసుకెళ్లి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. చుట్టాలు, ఫ్రెండ్స్ చూసి ‘సూపర్’ అన్నారు. ఆ తర్వాత? వారాలు గడిచినా ఒక్క ఆర్డర్ లేదు. సరిగ్గా అప్పుడే ఓ ఫోన్ వస్తుంది. ‘సార్, మీ సైట్‌ని గూగుల్ మొదటి పేజీలోకి తెస్తాం. గ్యారెంటీ. నెలకు ఇంత కట్టండి చాలు’ అని. సరుకు కొనడానికో, షాపు అద్దెకో దాచుకున్న డబ్బు అలా చేయి దాటిపోతుంది.

ఆ డబ్బు కట్టే ముందు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. వెబ్‌సైట్‌కు జనాన్ని రప్పించే ముఖ్యమైన పనుల్లో చాలా వాటికి పైసా ఖర్చు లేదు. గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ ఇచ్చే టూల్స్ ఫ్రీ. కావాల్సిందల్లా రోజుకు ఓ అరగంట టైమ్, కొంచెం ఓపిక. ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత, దేని జోలికి అసలు పోకూడదు? ఒక్కొక్కటిగా చూద్దాం.

అర్థం కావడానికి ఓ ఉదాహరణ తీసుకుందాం. కోనసీమ ఆత్రేయపురం పూతరేకులు తెలియని తెలుగువారు ఉండరు. 2023లో వాటికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఆ ఊళ్లో ఇంటి దగ్గరే పూతరేకులు చేసి అమ్మే ఓ చిన్న కుటుంబం, సొంతంగా ఓ వెబ్‌సైట్ పెట్టుకుందనుకుందాం. చీరలైనా, పచ్చళ్లైనా, ఏసీ రిపేర్ అయినా, ట్యూషన్ సెంటర్ అయినా లెక్క ఇదే.

ఎంత మంది వచ్చారు కాదు.. ఎవరు వచ్చారు?

ట్రాఫిక్ అనగానే చాలామంది చూసేది నంబర్. రోజుకు వెయ్యి మంది వచ్చారంటే సంబరం. కానీ ఆ వెయ్యి మందిలో పూతరేకులు కొనాలనుకున్నవాళ్లు ఎందరు? హైదరాబాద్‌లో గృహప్రవేశం పెట్టుకుని, రెండు వందల పూతరేకులు ఎక్కడ దొరుకుతాయా అని వెతుకుతున్న ఒక్క మనిషి సైట్‌కి వస్తే చాలు. టైమ్‌పాస్‌కు వచ్చి రెండు సెకన్లలో వెళ్లిపోయే వెయ్యి మంది కంటే ఆ ఒక్కరే ఎక్కువ.

అందుకే మొదట ఒక నోట్‌బుక్ తీయండి. మూడు గడులు గీయండి. సైట్ చూసి ఫోన్ చేసినవాళ్లు, వాట్సాప్ మెసేజ్ పెట్టినవాళ్లు, ఆర్డర్ ఇచ్చినవాళ్లు. ప్రతి కస్టమర్‌నీ ‘మా గురించి ఎలా తెలిసిందండీ?’ అని అడిగి రాసుకోండి. కింద చెప్పే పనుల్లో మీకు ఏది పనిచేస్తోందో నెల తిరిగేసరికి ఆ నోట్‌బుక్కే చెప్పేస్తుంది.

ముందు ఇల్లు సర్దుకోండి

చుట్టాలను పిలిచే ముందు ఇల్లు సర్దుకుంటాం కదా. వెబ్‌సైట్ కూడా అంతే. వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో, మామూలు ఫోన్‌లో మీ సైట్ ఓపెన్ చేయండి. ఈ ఐదు విషయాలు చూడండి.

- పేజీ తొందరగా తెరుచుకుంటోందా? పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టు అని గూగుల్ కొలమానం. గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఫ్రీ టూల్‌లో సైట్ అడ్రస్ ఇస్తే స్పీడ్ ఎంతో, ఎక్కడ ఆలస్యమవుతోందో చూపిస్తుంది. చాలా సైట్లలో దొంగ ఒక్కటే. కెమెరాలో తీసిన పెద్ద పెద్ద ఫొటోలను సైజు తగ్గించకుండా అలాగే ఎక్కించేయడం.
- ఏం అమ్ముతున్నారో మొదటి స్క్రీన్‌లోనే తెలుస్తోందా? ‘మా ప్రస్థానం’, ‘మా విజన్’ తర్వాత. ‘ఆత్రేయపురం నెయ్యి పూతరేకులు, కొరియర్‌లో పంపిస్తాం’ అన్న ముక్క ముందు.
- ధర ఉందా? ‘ధర కోసం సంప్రదించండి’ అని రాస్తే సగం మంది సంప్రదించరు, వెళ్లిపోతారు.
- ఫోన్ నంబర్ మీద నొక్కితే కాల్ వెళ్తోందా? నంబర్‌ను ఫొటోలో పెడితే నొక్కడానికి రాదు.
- డెలివరీ ఎక్కడికి, ఎన్ని రోజుల్లో, తిరిగి పంపే పద్ధతేంటి? తినే వస్తువైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ కూడా కనపడాలి. తెలియని షాపులో డబ్బు కట్టే మనిషికి అదో ధైర్యం.

ఇవి సరిచేయకుండా జనాన్ని రప్పిస్తే, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

అసలు మీ సైట్ ఉందని గూగుల్‌కి తెలుసా?

నమ్మడం కష్టంగానీ, కొన్ని సైట్లు గూగుల్‌లో కనపడకపోవడానికి కారణం పోటీ కాదు. ఆ సైట్ ఉందనే గూగుల్‌కి తెలియకపోవడం.

చెక్ చేయడం చాలా సులువు. గూగుల్ సెర్చ్‌లో ఇంగ్లిష్‌లో ‘సైట్’ అని టైప్ చేసి, కోలన్ పెట్టి, గ్యాప్ ఇవ్వకుండా మీ వెబ్‌సైట్ అడ్రస్ రాయండి. మీ పేజీల లిస్ట్ వస్తే సరే. ఏమీ రాకపోతే ఎక్కడో సమస్య ఉన్నట్టు.

సైట్ వర్డ్‌ప్రెస్‌లో చేసినదైతే ఒక చోట తప్పకుండా చూడాలి. సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే విభాగం కింద, ‘సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్ జోలికి రావద్దు’ అనే అర్థంతో ఒక టిక్ బాక్స్ ఉంటుంది. సైట్ తయారవుతున్నప్పుడు సగం పని బయటికి కనపడకూడదని డెవలపర్లు దానికి టిక్ పెడతారు. పని అయ్యాక తీయడం మర్చిపోతే అంతే సంగతులు. ఆ ఒక్క టిక్ వల్ల సైట్ నెలల తరబడి చీకట్లోనే ఉండిపోవచ్చు.

తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్‌ను చేర్చండి. పూర్తిగా ఫ్రీ. సైట్ మీదేనని నిరూపించుకున్నాక, సైట్‌మ్యాప్ అనే పేజీల జాబితాను అందులో ఇవ్వాలి. వర్డ్‌ప్రెస్ లాంటి వాటిలో ఆ జాబితా దానంతట అదే తయారై ఉంటుంది. జనం ఏ మాటలు కొట్టి మీ సైట్ దాకా వచ్చారు, ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కారు.. ఈ లెక్కంతా సెర్చ్ కన్సోల్ చూపిస్తుంది. 16 నెలల వెనక్కి కూడా వెళ్లి చూసుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ అకౌంట్ మీ సొంత జీమెయిల్‌తోనే తెరవాలి. సైట్ చేసినవాళ్ల మెయిల్‌తో తెరిస్తే, రేపు వాళ్లతో తేడా వచ్చిన రోజు తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు

షాపు ఉన్నవాళ్లకు, ఇంటికొచ్చి సర్వీస్ చేసేవాళ్లకు అన్నిటికన్నా తొందరగా ఫలితమిచ్చేది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. ఇంతకుముందు దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవారు. ‘నా దగ్గర్లో ఏసీ మెకానిక్’ అని వెతికితే మ్యాప్‌తో పాటు వచ్చే షాపుల లిస్ట్ ఇక్కడిదే. ఇదీ ఫ్రీయే.

షాపు పేరు, కేటగిరీ, టైమింగ్స్, ఫోన్ నంబర్, ఫొటోలు, వెబ్‌సైట్ లింక్.. అన్నీ నింపాలి. తర్వాత గూగుల్ వెరిఫికేషన్ అడుగుతుంది. ఫోన్ ద్వారానో, షాపును చూపించే వీడియో ద్వారానో పూర్తి చేయాలి. ఇంటి దగ్గర్నుంచి పనిచేస్తూ కస్టమర్ల ఇళ్లకు వెళ్లేవాళ్లు, ఇంటి అడ్రస్ దాచిపెట్టి ఏయే ఏరియాలకు వస్తారో మాత్రమే చూపించుకోవచ్చు. కానీ కస్టమర్‌ను అసలు కలవకుండా పూర్తిగా ఆన్‌లైన్‌లోనే అమ్మేవాళ్లకు ఈ ప్రొఫైల్ వర్తించదు. మన పూతరేకుల కుటుంబం ఇంటి ముందు కౌంటర్ పెట్టి అమ్ముతోంది కాబట్టి వాళ్లకు పనికొస్తుంది.

ఏ షాపు పైన రావాలో గూగుల్ మూడు విషయాలు చూసి నిర్ణయిస్తుంది. వెతికిన మాటకు షాపు ఎంత సరిపోతుంది, వెతికిన మనిషికి ఎంత దూరంలో ఉంది, ఆ షాపుకు బయట ఎంత పేరుంది. డబ్బు కట్టి ఈ వరుసలో పైకి రావడం కుదరదని గూగుల్ స్పష్టంగా చెబుతోంది.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. ఒకటి, షాపు పేరు బోర్డు మీద ఒకటి ఉంటే, ప్రొఫైల్‌లో ‘బెస్ట్ పూతరేకులు, చీప్ రేట్, నంబర్ వన్’ అంటూ తోక తగిలించడం. ఇది రూల్స్‌కు విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. రెండోది రివ్యూలు. ‘ఫైవ్ స్టార్ ఇస్తే పది శాతం డిస్కౌంట్’ అనడం కూడా రూల్స్ ఒప్పుకోవు. రివ్యూ అడగొచ్చు, అందుకు లింక్, క్యూఆర్ కోడ్ గూగులే ఇస్తుంది. కొరియర్ బాక్స్‌లో ఆ క్యూఆర్ ఉన్న చిన్న చీటీ వేస్తే చాలు. తిట్టిన రివ్యూకు కూడా మర్యాదగా జవాబివ్వండి. కొత్త కస్టమర్ ముందు చదివేది వాటినే.

కస్టమర్ అడిగే ప్రశ్నే మీ కొత్త పేజీ

చాలామంది బిజినెస్ సైట్లలో ఉండేవి నాలుగే పేజీలు. హోమ్, అబౌట్ అజ్, ప్రొడక్ట్స్, కాంటాక్ట్. మరి జనం గూగుల్‌లో వెతికేదేంటి? ‘పూతరేకులు ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి’, ‘బెల్లం పూతరేకులా, చక్కెరవా ఏవి బాగుంటాయి’, ‘పెళ్లికి బల్క్ ఆర్డర్ ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి’, ‘కొరియర్‌లో పంపితే విరిగిపోవా’. ఈ ప్రశ్నలకు జవాబు మీ సైట్‌లో లేకపోతే గూగుల్ మిమ్మల్ని ఎందుకు చూపిస్తుంది?

ప్రశ్నల కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. మీ వాట్సాప్ చాట్లు తెరవండి. గత మూడు నెలల్లో కస్టమర్లు పదేపదే అడిగినవి పది రాసుకోండి. వారానికి ఒక ప్రశ్న తీసుకుని, దానికో పేజీ పెట్టండి. ఫోన్‌లో కస్టమర్‌కు ఎలా చెబుతారో అలాగే రాయండి. పేజీ టైటిల్ కూడా ఆ ప్రశ్నే.

మన ఉదాహరణలో ఓ పేజీ ఇలా ఉండొచ్చు. బోర్లించిన కుండను వేడి చేసి, బియ్యప్పిండి పల్చటి జావలో గుడ్డ ముంచి కుండ మీద పూత పూస్తే, క్షణంలో కాగితంలాంటి రేకు లేస్తుంది. ఆ రేకుల మధ్య నెయ్యి, బెల్లం పొడి వేసి మడతపెడతారు. అందుకే తడి తగిలితే మెత్తబడుతుంది, ఒత్తిడి తగిలితే చిట్లుతుంది. కాబట్టి ప్యాకింగ్ ఇలా చేస్తున్నాం, ఇన్ని రోజుల్లో తినేయండి, ఇలా దాచుకోండి.. అని సొంత ఫొటోలతో చెబితే, ఆ పేజీని మరో సైట్ కాపీ కొట్టినా మీ అనుభవాన్ని కొట్టలేదు.

పేజీ రాసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు:

- తెలుగులో రాయండి. ఇంగ్లిష్‌లో ఇంకో పేజీ పెట్టండి. తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతికేవాళ్లూ చాలామంది ఉంటారు, ఆ స్పెల్లింగ్ కూడా పేజీలో ఓ చోట సహజంగా రావాలి.
- ఊరి పేరు, వస్తువు పేరు టైటిల్‌లో ఉండాలి. ‘స్వచ్ఛమైన రుచి’ అని ఎవరూ వెతకరు.
- ఫొటోకు చిన్న వివరణ రాయండి. సైట్ ఎడిటర్‌లో ‘ఆల్ట్ టెక్స్ట్’ అనే గడి దానికోసమే.
- ఒక పేజీ నుంచి సంబంధించిన ఇంకో పేజీకి, ఆర్డర్ పేజీకి లింక్ ఇవ్వండి.
- పండక్కి సంబంధించిన పేజీ పండగ ముందు రోజు పెడితే లాభం లేదు. సంక్రాంతి గిఫ్ట్ బాక్స్ పేజీ నవంబర్‌లోనే సిద్ధంగా ఉండాలి.

ఏఐ టూల్‌తో ఒక్క రాత్రిలో రెండు వందల పేజీలు దింపేద్దాం అనుకునేవాళ్లకు ఓ హెచ్చరిక. ర్యాంకింగ్ కోసమే గుట్టలుగా తయారుచేసే పేజీలను స్పామ్‌గా చూస్తామని 2024 మార్చిలో గూగుల్ పాలసీని ఇంకా గట్టిగా మార్చింది. రాయడానికి ఏ టూల్ సాయం తీసుకున్నా, లోపల ఉండాల్సింది మీ వ్యాపారానికి సంబంధించిన అసలు విషయమే.

ఇక ఫలితం ఎప్పుడు? రేపే కాదు. కొత్త సైట్ అయితే కొన్ని నెలలు పట్టొచ్చు. కానీ యాడ్‌కు డబ్బులు ఆపితే ఆ రోజే యాడ్ ఆగిపోతుంది. ఇలాంటి పేజీ మాత్రం మీరు నిద్రపోతున్నా పనిచేస్తూనే ఉంటుంది.

వాట్సాప్‌ను సైట్‌కు దారిగా మార్చుకోండి

మామూలు వాట్సాప్‌తో బిజినెస్ చేస్తున్నవాళ్లు వాట్సాప్ బిజినెస్ యాప్‌కి మారొచ్చు. అదీ ఫ్రీ. అందులో షాపు వివరాలు, వెబ్‌సైట్ లింక్ పెట్టుకునే చోటు ఉంటుంది. వస్తువుల కేటలాగ్ పెట్టుకోవచ్చు, ఒక్కో వస్తువుకు మీ సైట్‌లోని ఆ పేజీ లింక్‌నే ఇవ్వొచ్చు. మెసేజ్ చేసిన వెంటనే దానంతట అదే వెళ్లే పలకరింపు మెసేజ్‌లో కూడా ‘ధరలు, డెలివరీ వివరాలు ఇక్కడ చూడండి’ అని లింక్ పెట్టేయండి.

బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో ఒక లిస్ట్‌కు 256 మంది వరకు చేర్చొచ్చు. అయితే మీ నంబర్‌ను తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. కాబట్టి ఆర్డర్ ఇచ్చినవాళ్లను ‘నంబర్ సేవ్ చేసుకోండి, కొత్త స్టాక్ వచ్చినప్పుడు చెబుతాం, వద్దంటే ఆపేస్తాం’ అని అడగండి. ఎక్కడో కొన్న నంబర్ల లిస్ట్‌కు మెసేజ్‌లు కొడితే జనం రిపోర్ట్ కొడతారు, నంబర్ బ్యాన్ అవుతుంది. ఏళ్ల తరబడి కస్టమర్ల దగ్గరున్న నంబర్ పోతే ఆ నష్టం మామూలుగా ఉండదు.

అపార్ట్‌మెంట్ గ్రూపులు, ఊరి గ్రూపుల్లో రోజూ లింక్ పడేయడం కూడా తప్పే. ఎవరైనా ‘మంచి పూతరేకులు ఎక్కడ దొరుకుతాయి’ అని అడిగినప్పుడు ఒక్కసారి జవాబిస్తే వచ్చే విలువ, అడగకుండా పెట్టిన యాభై మెసేజ్‌లకు రాదు.

వీడియో చూసినవాళ్లు సైట్‌కి ఎందుకు రావట్లేదు?

రీల్‌కు లక్ష వ్యూస్ వచ్చాయి, సైట్‌కు పది మంది కూడా రాలేదు. చాలామంది చెప్పే మాటే ఇది. కారణం చాలావరకు లింక్ దగ్గరే ఉంటుంది.

యూట్యూబ్ షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో పెట్టే లింకులు 2023 ఆగస్ట్ 31 నుంచి నొక్కితే తెరుచుకోవు. ఇన్‌స్టాగ్రామ్ రీల్ క్యాప్షన్‌లో పెట్టే లింక్ కూడా అంతే, అది ఉత్త అక్షరాలే. మరి దారేంటి?

- ఇన్‌స్టాగ్రామ్‌లో బయోలో లింక్ పెట్టండి. ఐదు లింకుల వరకు పెట్టుకోవచ్చు. స్టోరీల్లో అయితే లింక్ స్టిక్కర్ అందరికీ ఉంది.
- యూట్యూబ్‌లో ఛానెల్ పేజీ మీద సైట్ లింక్ పెట్టండి. పెద్ద వీడియోల డిస్క్రిప్షన్‌లో మొదటి లైన్‌లోనే ఇవ్వండి. అది నొక్కితే తెరుచుకోవాలంటే ఛానెల్‌కు యూట్యూబ్ అడిగే వెరిఫికేషన్ పూర్తయి ఉండాలి. షార్ట్ నుంచి ఆ పెద్ద వీడియోకు ‘రిలేటెడ్ వీడియో’గా దారి ఇవ్వొచ్చు.
- వీడియోలో నోటితో సైట్ పేరు చెప్పండి, స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో చూపించండి. చాలామంది పేరు గుర్తుపెట్టుకుని గూగుల్‌లో కొడతారు. అందుకే సైట్ పేరు చిన్నగా, పలకడానికి తేలిగ్గా ఉండాలి.
- సైట్‌కు రావడానికి కారణం చెప్పండి. ‘లింక్ ఇన్ బయో’ అంటే ఎవరూ కదలరు. ‘పెళ్లి ఆర్డర్ ధరల లిస్ట్ సైట్‌లో ఉంది’ అంటే, పెళ్లి పెట్టుకున్నవాళ్లు వస్తారు.

ఏం తీయాలి అంటే, మీకు రోజూ మామూలుగా అనిపించే పనే బయటివాళ్లకు వింత. కుండ మీద రేకు లేచే ఆ రెండు సెకన్లు ఎన్నిసార్లైనా చూడాలనిపిస్తుంది. మగ్గం మీద పోగు, పచ్చడిలో పోపు, పాడైన మోటార్ విప్పినప్పుడు లోపల కనిపించే బూడిద.. ఏదైనా సరే. ఆ వీడియోలను మీ సైట్‌లోని పేజీల్లో కూడా పెట్టండి.

ఇంకొకరి సైట్ నుంచి మీ సైట్‌కు

ఇతర సైట్లు మీ సైట్‌కు లింక్ ఇస్తే రెండు లాభాలు. ఆ లింక్ నొక్కి జనం వస్తారు. గూగుల్‌కూ మీ మీద నమ్మకం పెరుగుతుంది. డబ్బిచ్చి కొన్న లింకులు మాత్రం గూగుల్ రూల్స్‌కు విరుద్ధం. న్యాయంగా వచ్చే దారులు ఇవి.

- మీరు సరుకు కొనే హోల్‌సేలర్, మీ సరుకు అమ్మే స్వీట్ షాపు, మీరు పనిచేసే ఈవెంట్ మేనేజర్.. వాళ్ల సైట్లలో మీ పేరు ఉంటే లింక్ చేయమని అడగండి.
- లోకల్ విలేకరులకు, ఫుడ్ వీడియోలు చేసేవాళ్లకు కథ ఇవ్వండి. ‘మా షాపు గురించి రాయండి’ అంటే రాయరు. ‘పండగ సీజన్‌లో మా ఇంట్లో రోజుకు ఎన్ని రేకులు తీస్తామో వచ్చి చూడండి’ అంటే వస్తారు.
- జస్ట్‌డయల్, ఇండియామార్ట్, బింగ్ ప్లేసెస్ లాంటి చోట్ల ఫ్రీ లిస్టింగ్ తీసుకోండి. పేరు, అడ్రస్, నంబర్ అన్నిచోట్లా ఒకేలా ఉండాలి.
- చీరలు, నగలు, బొమ్మల్లాంటి కంటికి ఆనే వస్తువులైతే పింటరెస్ట్ మంచి దారి. అక్కడ ప్రతి ఫొటోకూ మీ సైట్ పేజీ లింక్ పెట్టొచ్చు.
- సైట్‌లోనే ఆర్డర్ తీసుకునేవాళ్లు గూగుల్ మర్చంట్ సెంటర్‌లో వస్తువుల వివరాలిస్తే, షాపింగ్ ఫలితాల్లో ఫ్రీగా కూడా కనిపించే అవకాశం ఉంది.
- విదేశాలకు పంపించేవాళ్లైతే, ఏ దేశానికి పంపుతారో, ఎంత ఖర్చో, ఎన్ని రోజులో స్పష్టంగా చెప్పే పేజీ ఒకటి పెట్టండి. అక్కడి తెలుగువాళ్లు మొదట వెతికేది అదే.

మరి ఇన్‌స్టా ఉండగా వెబ్‌సైట్ ఎందుకు?

ఈ ప్రశ్న చాలామందిది. జవాబు ఇటీవలి చరిత్రలోనే ఉంది. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. లక్షల్లో ఫాలోవర్లున్నవాళ్లు కూడా ఒక్క రాత్రిలో సున్నాకు వచ్చేశారు. 2024 మార్చిలో ఇంకోటి జరిగింది. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను గూగులే ఆపేసింది. అదే తమ సైట్ అనుకుని విజిటింగ్ కార్డుల మీద అచ్చేయించుకున్నవాళ్లు కొత్తది వెతుక్కోవాల్సి వచ్చింది.

ఫాలోవర్లు ఆ కంపెనీవాళ్ల ఇంట్లో ఉన్నట్టు, సొంత డొమైన్ మీద ఉన్న సైట్ మీ ఇల్లు. అందుకే యాప్‌లలో వచ్చిన జనాన్ని మెల్లగా సొంతింటికి తెచ్చుకోవాలి. ఆ డొమైన్ మీ పేరు మీద, మీ మెయిల్‌తోనే ఉందా? రెన్యువల్ తేదీ మీకు తెలుసా? ఈరోజే చూసుకోండి.

ఈ మాటలు వింటే ఫోన్ పెట్టేయండి

- ‘గూగుల్‌లో నంబర్ వన్ గ్యారెంటీ’: మొదటి స్థానం ఎవరూ గ్యారెంటీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. డబ్బు తీసుకుని మామూలు సెర్చ్ ఫలితాల్లో పైకి జరిపే పద్ధతి గూగుల్‌కు లేదు.
- ‘రోజుకు పది వేల విజిటర్స్, చాలా చీప్’: వచ్చేవి చాలావరకు మనుషులు కాదు, సాఫ్ట్‌వేర్ బాట్లు. బాట్ పూతరేకులు కొనదు.
- ‘వంద ఫైవ్ స్టార్ రివ్యూలు ఇప్పిస్తాం’: పట్టుబడితే నిజమైన రివ్యూల విలువ కూడా పోతుంది.
- ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ ప్రొఫైల్ ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి’: చెప్పొద్దు. ఆ ఓటీపీతో ప్రొఫైల్ వాళ్ల చేతుల్లోకి పోవచ్చు.

నిజాయితీగా పనిచేసే డిజిటల్ మార్కెటింగ్‌వాళ్లు లేరని కాదు. వాళ్లు ఏ పని చేస్తారో వివరంగా చెబుతారు, అకౌంట్లు మీ పేరు మీదే ఉంచుతారు, సెర్చ్ కన్సోల్ లెక్క చూపిస్తారు. తేడా అక్కడే తెలిసిపోతుంది.

నెల రోజుల ప్లాన్

అన్నీ ఒకేసారి మొదలుపెడితే మూడో రోజే విసుగొస్తుంది. వరుసగా వెళ్లండి.

మొదటి వారం: ఫోన్‌లో సైట్ చెక్ చేయడం, ఫొటోల సైజు తగ్గించడం, ధర, నంబర్ సరిచేయడం. సెర్చ్ కన్సోల్‌లో చేర్చడం.

రెండో వారం: బిజినెస్ ప్రొఫైల్ నింపడం, వెరిఫికేషన్. పాత కస్టమర్లలో పది మందిని ఉన్నది ఉన్నట్టు రివ్యూ రాయమని అడగడం.

మూడో వారం: వాట్సాప్ బిజినెస్ సెట్ చేయడం, కేటలాగ్‌లో సైట్ లింకులు పెట్టడం. కస్టమర్ ప్రశ్నల్లోంచి మొదటి పేజీ రాయడం.

నాలుగో వారం: ఆ పేజీలో చెప్పిన విషయంతోనే ఓ చిన్న వీడియో, రెండో ప్రశ్నకు ఇంకో పేజీ. తెలిసిన రెండు సైట్లవాళ్లను లింక్ అడగడం.

తర్వాత నెలకోసారి సెర్చ్ కన్సోల్ తెరవండి. ఏ మాటకు మీ పేజీ ఎక్కువసార్లు కనిపించి, తక్కువ మంది నొక్కారో చూడండి. అక్కడ టైటిల్ మార్చండి. మీరు ఊహించని ప్రశ్నతో జనం వస్తుంటే, దానికో పేజీ రాయండి. పక్కనే నోట్‌బుక్ పెట్టుకుని కాల్స్, మెసేజ్‌లు, ఆర్డర్లతో సరిపోల్చండి. ఏది పనిచేస్తుందో దానికే ఎక్కువ టైమ్ ఇవ్వండి, మిగతావి వదిలేయండి.

ఇదంతా చేశాక, ఏ పేజీ ఆర్డర్లు తెస్తోందో తెలిశాక, అప్పుడు కావాలంటే యాడ్‌కు డబ్బు పెట్టొచ్చు. అప్పటికి ఆ డబ్బు ఎక్కడికి పోతోందో మీకు తెలిసి ఉంటుంది. మొదటి పేజీ గ్యారెంటీ అంటూ మళ్లీ ఫోన్ వస్తే, అడగాల్సిన ప్రశ్నలు కూడా మీ దగ్గరే ఉంటాయి.